పై గది ఆయన కోసం ప్రార్థన

రెండేళ్ళకు పైగా నాకు రాని ఒక భాషను నేను శ్రద్ధగా విన్నాను. ఆ భాషలో నమస్కారానికీ, రొట్టెకూ, చాలు అనడానికీ ఏమంటారో తెలుసు. అంతకు మించి తెలియదు. అర్థం చేసుకోవడం నా పని కాదు. ఆ మాటల వెనక ఎక్కడైనా తెలుగు వినిపిస్తున్నదా అని గమనించడం నా పని.

విజయవాడ భవానీపురంలో మా ఇంటి మేడ మీద ఒకే ఒక గది ఉంది. అందులో అద్దెకున్న ఆయన తన దేశ రాజకీయాల మీద ఆన్‌లైన్‌లో వ్యాఖ్యానం చేసేవారు. అక్కడ ప్రభుత్వం మారిన తరువాత ఆయనకు తిరిగి వెళ్ళే వీలు లేకపోయింది. శరణార్థిగా గుర్తిస్తూ ఢిల్లీలోని అంతర్జాతీయ కార్యాలయం ఇచ్చిన కార్డు ఎప్పుడూ ఆయన చొక్కా జేబులో ఉండేది. ఆయన ముఖం ఆ దేశంలో చాలామందికి తెలుసు. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారన్నది మాత్రం ఎవరికీ తెలియదు. కొందరు యూరప్ అనుకునేవారట, కొందరు గల్ఫ్ అనుకునేవారట. ఆ దేశం పేరు నేనిక్కడ రాయను. కారణం ముందుకు చదివినవారికి తెలుస్తుంది.

వీధిలో ఉద్యోగాలకూ బడులకూ వెళ్ళేవాళ్ళు వెళ్ళిపోయి, మధ్యాహ్నం వంటల సందడి ఇంకా మొదలు కాని వేళ చూసుకుని ఆయన రికార్డింగు పెట్టుకునేవారు. అమ్మ పాత చీరలతో కుట్టిన బొంతలను కిటికీలకు వేలాడదీసేవారు. ఫ్యాను ఆపేవారు. వెనక గోడకు వెలిసిపోయిన బూడిదరంగు దుప్పటి కట్టి ఉండేది. ఎండాకాలంలో ఆ గది తలుపు తీసుకుని బయటకు వచ్చినప్పుడు ఆయన చొక్కా పిండితే నీళ్ళు కారేటట్టు ఉండేది. ఆ సమయంలో అమ్మ మిక్సీ వేసేది కాదు. ఇంత చేసినా వీధి లోపలికి వచ్చేది. టమాటాల బండి మైకు, చెత్త బండి పాట, వరద రోజుల్లో నది ఒడ్డు ఇళ్ళు ఖాళీ చేయాలని ఆటోలో తిరుగుతూ చెప్పే హెచ్చరిక, వీటిలో ఏ ఒక్కటి వినిపించినా తెలుగు తెలిసినవాడు ఊరు చెప్పగలడు. ఆయన చెవి ఆ శబ్దాలకు అలవాటుపడిపోయి పట్టుకోలేకపోయేది. అందుకని నేను కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చాక, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మొత్తం వినేదాన్ని.

ఒకసారి, ఇది చాలా ముఖ్యమైన భాగమని ఆయన ముందే చెప్పిన చోట, గొంతు తగ్గించి ఒక్క క్షణం ఆగినప్పుడు, “పాత ఇనప సామాన్లు కొంటాం, పాత కూలర్లు కొంటాం” అన్న మైకు గొంతు పలచగా దూరింది. ఆ చోటు చూపించాను.

“వీరు ఏమి కొంటున్నారండీ?” అని అడిగారు.

“పాత ఇనుమండీ.”

“మా మంత్రిగారిని కొంటారా అండీ?”

మేమిద్దరం సాధారణంగా ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవాళ్ళం. హాస్యానికి మాత్రం ఆయన తెలుగు వాడేవారు. ఎదుటివారు ఎవరైనా సరే చివర ‘అండీ’ తగిలించేవారు. మా వీధి కుక్కను కూడా “జరగండీ” అనేవారు. ఆ మర్నాడు మొత్తం మళ్ళీ మొదటి నుంచి మాట్లాడి రికార్డు చేసుకున్నారు.

ఆయన మా ఇంటికి ఎలా వచ్చారో చెప్పాలి. మా కుటుంబంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. అమ్మ కూచిపూడి అవతల ఒక ఊళ్ళో వరినాట్లు వేస్తూ పెరిగింది. నాన్న ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు చేస్తారు. నేను యూనివర్సిటీలో ఎం.ఏ. చదివే రోజుల్లో ఆయన అక్కడే స్కాలర్‌షిప్పు మీద పరిశోధన చేస్తుండేవారు. నలభై దాటిన మనిషి, తమ దేశంలో కొంతకాలం పాఠాలు చెప్పి, కొంతకాలం టీవీలో చర్చలు నడిపి వచ్చినవారు. చదువు పూర్తయ్యాక హాస్టలు ఖాళీ చేయవలసి వచ్చింది. దేశం విడిచి వెళ్ళిపోతున్నానని మాత్రమే ఇంటికీ, అక్కడున్న తమ దేశపు విద్యార్థులకూ చెప్పారు, ఎక్కడికన్నది చెప్పలేదు. ఊరంతా తిరిగినా ఇల్లు దొరకలేదు. పేరు వినగానే కొందరు, దేశం వినగానే కొందరు, ఏ పని చేస్తారో వినగానే మిగిలినవాళ్ళు లేదన్నారు. నేను ఇంట్లో అడిగాను.

“ఏం చేస్తాడమ్మా?” అన్నారు నాన్న.

“రాజకీయాలు మాట్లాడతారు నాన్నా.”

“అది బెజవాడలో అందరూ చేసేదేగా. ఉద్యోగం ఏంటని అడుగుతున్నా.”

“అదే ఆయన ఉద్యోగం.”

నాన్న, “మనవాళ్ళనైతే తిట్టడుగా?” అని అడిగి, తిట్టరని చెప్పాక ఒప్పుకున్నారు. పోలీసు స్టేషనుకు వెళ్ళి ఇంటి యజమానిగా చెప్పవలసిందంతా చెప్పి వచ్చారు. ఒక కానిస్టేబులు అప్పుడప్పుడూ వచ్చి, ఆయన కార్డు చూసి, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్ళేవాడు.

వీధి అంత సులువుగా ఒప్పుకోలేదు. ఆయన సామాను దిగిన రోజునే ఎదురింటి ఆవిడ గేటు దగ్గర అమ్మను ఆపింది.

“ఏం వదినా, అమ్మాయికి ఫారిన్ సంబంధం మేడ మీదకే వచ్చిందా?”

“మా తమ్ముడి వయసు ఆయనది. నీకు మనసైతే చెప్పు, మీ అమ్మాయికి అడిగి చూస్తాను,” అన్నది అమ్మ. తరువాత ఆ ప్రసక్తి రాలేదు.

నాన్నకూ ఆయనకూ స్నేహం కుదిరింది. ఆదివారాలు మెట్ల మీద కూర్చుని టీ తాగుతూ రాజకీయాలు మాట్లాడుకునేవారు. నాన్నకు ఇంగ్లీషు రాదు, ఆయన తెలుగు సగమే. అయినా ఇద్దరికీ సరిపోయేది. నాన్న ఆయనను ‘ప్రొఫెసరుగారూ’ అనేవారు, ఆయన నాన్నను ‘అన్నగారండీ’ అనేవారు.

“మా దగ్గర మీలా మాట్లాడేవాళ్ళు వీధికి నలుగురున్నారు ప్రొఫెసరుగారూ. పొద్దున ఒక పార్టీని తిడతారు, సాయంత్రం ఇంకో పార్టీని. హాయిగా ఇంటికెళ్ళి పడుకుంటారు.”

“ఇంటికి వెళ్తారా అండీ?”

“వెళ్ళక?”

“అది చాలా గొప్ప దేశం అన్నగారండీ,” అన్నారాయన. వేళాకోళమో నిజమో నాన్నకు తెలియలేదు. నాకూ తెలియలేదు.

ఆయనకు తల్లి, ఒక తమ్ముడు ఉన్నారు. ఇద్దరూ ఆ దేశంలోనే ఉన్నారు. ఆయన కార్యక్రమం మొదలైన కొత్తలో తమ్ముడిని పిలిపించి కొన్నాళ్ళు ఉంచుకుని వదిలారు. అన్న ఎక్కడున్నాడన్నదే వాళ్ళు అడిగిన ప్రశ్న. తెలియదన్నాడు. నిజంగానే తెలియదు కనుక ఎన్ని విధాలుగా అడిగినా మాట మారలేదు. చివరకు నమ్మి పంపించారు. అప్పటి నుంచి ఆయన ఒక నియమం పెట్టుకున్నారు. ఇంటికి ఫోను చేయరు. మూడో దేశంలో ఉన్న పినతండ్రి కూతురి ద్వారా బతికే ఉన్నానన్న కబురు మాత్రం పంపుతారు. తల్లికి కొడుకు ఉన్న ఊరు తెలియకూడదు. దాచమని ఆమెకు చెప్పడం వేరు, దాచడానికి ఆమె దగ్గర ఏమీ లేకపోవడం వేరని ఆయన నాతో అన్నారు. వాళ్ళమ్మా తమ్ముడూ ఇంట్లో నిద్రపోగలుగుతున్నది ఆ తెలియకపోవడం వల్లనే.

ఇదంతా అమ్మకు తెలుసు. నేను చెప్పిన దానికంటే ఆయనే ఎక్కువ చెప్పారు, అన్నం తినేటప్పుడు. వాళ్ళమ్మకు మోకాళ్ళ నొప్పులని, మెట్లు ఎక్కలేదని, కోడళ్ళు లేరని, రొట్టెలు కాల్చే పెనం ఇంకెవరినీ ముట్టనివ్వదని. ఎవరికీ చెప్పవద్దంటే అమ్మ నిజంగానే చెప్పలేదు. ఎదురింటి ఆవిడ ఎన్నిసార్లు కదిపినా, “చదువుకున్నాయన, ఏవో పాఠాలు చెప్పుకుంటాడు” అన్నదే ఆమె సమాధానం. అమ్మ నోరు జారే మనిషి కాదు. ఈ సంగతి నేను స్పష్టంగా చెప్పదలచుకున్నాను, ఎందుకంటే జరిగింది నోరు జారడం కాదు.

నా ఉద్యోగం పర్మనెంటు అయినప్పుడు అమ్మ ఇంట్లో కృతజ్ఞతా కూటం పెట్టింది. మా సంఘంలో అది మామూలు. ఇల్లు కట్టుకున్నా, ఆపరేషన్ బాగా జరిగినా, పిల్లలు పాసైనా పాస్టరుగారిని, విశ్వాసులను పిలిచి ప్రార్థన చేయించి, ఉప్మానో బిర్యానీనో పెట్టి పంపుతారు. ముందు గదిలో మంచాలు తీసేసి చాపలు పరిచాం. పక్కింటి నుంచి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చాం. పాస్టరుగారి భార్య, మేం అమ్మగారు అని పిలుస్తాం, ఎప్పటిలాగే తన ఫోనును ఒక కుర్చీ వీపుకు రబ్బరు బ్యాండుతో కట్టారు. లాక్‌డౌన్ రోజుల్లో గుడికి, అంటే చర్చికి, రాలేనివారి కోసం మొదలైన అలవాటది. ఆ తరువాత కూటం ఎక్కడ జరిగినా ఆ ఫోను కూడా వచ్చేది, గల్ఫ్‌లో ఉన్న మా సంఘంవాళ్ళు ఆవిడ ఆన్‌లైన్‌లో పెట్టే వీడియోలు చూసేవారు. హార్మోనియం పెట్టెలా, చాపల్లా, అదీ కూటంలో ఒక సామాను. దాన్ని చూసే అలవాటు మాకందరికీ పోయింది.

పాటలయ్యాయి. దేవుడు నాకు చేసిన మేలు చెప్పుకుంటూ నేను సాక్ష్యం చెప్పాను. తరువాత పాస్టరుగారు ప్రార్థనావసరతలు అడిగారు, అంటే ఎవరి కోసం ఏమి ప్రార్థించాలో చెప్పమన్నారు. ఒకావిడ కొడుకు వీసా గురించి చెప్పింది. ఒకాయన షుగరు గురించి చెప్పాడు. అమ్మ లేచి నిలబడింది. ఆకుపచ్చ చీర కట్టుకుని ఉంది, చెంగు తల మీద కప్పుకుంది.

అవసరతను వివరంగా చెప్పాలని అమ్మ నమ్మకం. ఒంట్లో బాగాలేదు అంటే చాలదు, ఏ కాలు, ఎప్పటి నుంచి, ఏ ఆసుపత్రి అన్నీ చెప్పాలి. అరకొరగా చెబితే ప్రార్థన కూడా అరకొరగానే అవుతుందంటుంది.

“అయ్యగారూ, మా మేడ మీద గదిలో ఒక బాబు ఉంటున్నాడు,” అని మొదలుపెట్టింది. దేశం పేరు చెప్పింది. ఆయన పేరు చెప్పింది. “వాళ్ళ ప్రభుత్వం చేసే అన్యాయాన్ని ఫోనులో చెబుతాడయ్యగారూ. అందుకని ఇంటికి పోలేడు. తమ్ముడిని పట్టుకుపోయి వదిలారు. వాళ్ళమ్మకు మోకాళ్ళు నొప్పులు. కన్నతల్లికి బిడ్డ ఎక్కడున్నాడో తెలియదు. ఆ తల్లి కోసం ప్రార్థన చేయండయ్యగారూ.”

అంతటితో ఆగక మెట్ల దగ్గరకు వెళ్ళి ఆయనను కిందికి పిలిచింది. ఆయన మతం వేరు. అయినా ఇంటివాళ్ళు పిలిస్తే రాకపోవడం మర్యాద కాదనుకునే మనిషి. వచ్చి చాప మీద తల వంచుకుని కూర్చున్నారు. పాస్టరుగారు ఆయన తల మీద చెయ్యి వేసి, అమ్మ చెప్పినవన్నీ ఒక్కటీ వదలకుండా ప్రార్థనలో పెట్టారు. ఈ భవానీపురంలో, ఈ వీధిలో, ఈ మేడ గదిలో తలదాచుకున్న పరదేశి సహోదరుణ్ణి కాపాడమని గొంతెత్తి వేడుకున్నారు. గదిలో అందరూ ఏడ్చారు. తల్లి ప్రస్తావన ఎక్కడ వచ్చిందో ఆయనకు అర్థమైంది, ఆయన కూడా ఏడ్చారు. అమ్మ చెంగుతో ఆయన ముఖం తుడిచింది.

తరువాత అందరం ఉప్మా తిన్నాం.

రెండు రోజులు గడిచాక ఆయన కిందికి వచ్చి తన ఫోను నా ముందు పెట్టారు. తన తాజా కార్యక్రమం కింద ఎవరో రాసిన వ్యాఖ్య చూపించారు. వాళ్ళ లిపిలో ఒకే మాట ఉంది. నాకు చదవడం రాదు.

“దీన్ని నేను పైకి చదువుతాను. సరిగా చదివానో లేదో చెప్పండి,” అని ఇంగ్లీషులో అని, నెమ్మదిగా, అక్షరం అక్షరం చదివారు. “భ-వా-నీ-పు-రం.”

సరిగానే చదివారని చెప్పాను.

వెతికితే ఎక్కువసేపు పట్టలేదు. అమ్మగారు ఆ వీడియోకు ఎంతో శ్రద్ధగా పేరు పెట్టారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు సులువుగా దొరకాలని ఇంగ్లీషులో పెట్టారు. అందులో ఆయన దేశం పేరు, మా ఊరి పేరు, మా పేట పేరు వరుసగా ఉన్నాయి. తన దేశం పేరు కొట్టి వెతికే ఎవరికైనా అది కనిపిస్తుంది. అప్పటికే దాన్ని కత్తిరించి, ఆయన ముఖం చుట్టూ ఎర్రని గీత గీసి, వాళ్ళ భాషలో మాటలు చేర్చి తిప్పుతున్నారు. ఒక గది కోసం మతం అమ్ముకున్నాడని ఆ మాటల అర్థమట. ఆయన దాన్ని నాకు మామూలు గొంతుతోనే చెప్పారు, పాఠం చెప్పినట్టు.

అమ్మకు చెప్పాను. మొదట ఆమెకు అర్థం కాలేదు.

“నేను ఎవరికీ చెప్పలేదే!”

“కూటంలో చెప్పావమ్మా.”

“అది దేవుడికి చెప్పడం. దేవుడికి చెబితే ఎవరికో చెప్పినట్టా?”

“దేవుడికి చెప్పేటప్పుడు అడ్రసు కూడా చెప్పాలా?” అన్నారు నాన్న. “ఆయనకు భవానీపురం తెలియదా ఏం?”

“మీరు ఊరుకోండి. గుడికి రాని మనిషి కూడా మాట్లాడేవాడే.”

అయినా వెంటనే చెప్పులు వేసుకుంది. ఇద్దరం పాస్టరుగారి ఇంటికి వెళ్ళాం. ఆయన మంచి మనిషి. విషయం వినగానే ముఖం తెల్లబోయింది. అమ్మగారు అక్కడికక్కడే వీడియో తీసేశారు. తీసేశాక పాస్టరుగారు అమ్మతో మెల్లగా అన్నారు: “సహోదరీ, నువ్వు చెప్పిందే నేను ప్రార్థించాను. ఒక్క మాట కూడా కలపలేదు.”

“కలపకపోతేనే ఇంత అయిందయ్యగారూ,” అన్నది అమ్మ. కోపంతో అనలేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టు అన్నది.

మా దగ్గర ఉన్న వీడియో పోయింది గానీ వాళ్ళ దగ్గర ఉన్నది పోలేదు. ఆ వారంలోనే పినతండ్రి కూతురి నుంచి కబురు వచ్చింది. కొన్ని సంగతులు ఆయన నాకు చెప్పారు, కొన్ని చెప్పలేదు. చెప్పినవి ఇవి. వాళ్ళమ్మ ఆ ముక్క చూసింది. ఆమెకు ఎవరూ చూపనవసరం లేకపోయింది, వీధిలో అందరి ఫోనుల్లోనూ ఉంది. ఇన్నేళ్ళ తరువాత కొడుకు ఒక ఇంట్లో, చాప మీద, మనుషుల మధ్య కూర్చుని ఉండడం చూసింది. చిక్కాడన్నది. ఆకుపచ్చ బట్టలు కట్టుకుని వాడి ముఖం తుడిచిన ఆమె ఎవరని అడిగింది. మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని చూసిందట.

ఆ తరువాత అధికారులు ఇంటికి వచ్చారు. కొడుకు ఎక్కడున్నాడని అడిగారు. ఇంతకుముందులా తెలియదనే వీలు ఆమెకు లేదు. “మీ ఫోనులోనే ఉన్నాడు కదా, నన్నెందుకు అడుగుతారు?” అన్నదట. తమ్ముడిని మళ్ళీ తీసుకువెళ్ళారు.

ఆకుపచ్చ చీర సంగతి అమ్మకు చెప్పాలా వద్దా అని నేను ఆలోచించాను. ఆయనే చెప్పారు. భోజనం దగ్గర, తన సగం తెలుగులో, “మా అమ్మగారు మీ గురించి అడిగారండీ. ముఖం తుడిచారు కదా, వారు ఎవరు అని అడిగారండీ,” అన్నారు. అమ్మ చేతిలోని గరిటె గిన్నెలో పెట్టేసి లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. ఆ రోజు మాకు నాన్న వడ్డించారు.

ఆయన కార్యక్రమం ఆగిపోయింది. తమ్ముడు బయటికి వచ్చేవరకు మాట్లాడనని నిర్ణయించుకున్నారు. కిటికీలకున్న బొంతలు తీసేశారు, ఫ్యాను తిరిగింది. పగటిపూట ఆ గదిలోంచి గొంతు వినిపించకపోవడం మాకు కొత్తగా ఉండేది. అమ్మ మిక్సీ వేయబోయి, అలవాటుగా పైకి చూసి ఆగేది.

కానిస్టేబులు ఇప్పుడు మజ్జిగ తాగకుండా వెళ్ళేవాడు. ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి అడిగారా అని ప్రతిసారీ ప్రశ్నించేవాడు. ఒకరోజు బైకు మీద ఇద్దరు కుర్రవాళ్ళు మా వీధిలోకి వచ్చి, విదేశీయుడు ఉండే ఇల్లు ఏదని ఎదురింటి ఆవిడను అడిగారు. వాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడారట. యూనివర్సిటీలో ఆయన దేశపు విద్యార్థులు ఇంకా కొందరున్నారు. వాళ్ళలో అభిమానంతో వచ్చేవాళ్ళూ ఉండవచ్చు, మరో పని మీద వచ్చేవాళ్ళూ ఉండవచ్చు. ఎదురింటి ఆవిడ, “విదేశీయుడా? మా వీధిలో ఇబ్రహీంపట్నం అవతలవాడు కూడా లేడు,” అని తెలుగులోనే చెప్పి పంపించింది. తరువాత ఆ మాట అమ్మకు వచ్చి చెప్పింది. ఎదురింటి ఆవిడకు అంతా ముందే తెలుసని మాకప్పుడు తెలిసింది.

చివరకు తమ్ముడు ఇంటికి వచ్చాడు. ఎలా వచ్చాడు, ఏ స్థితిలో వచ్చాడు అన్నది ఆయన నాకు చెప్పిన సంగతుల్లో లేదు. తమ్ముడు పంపిన కబురు మాత్రం చెప్పారు. కార్యక్రమం ఆపేయనా అని ఈయన అడిగిస్తే, నువ్వు ఆపినా నన్ను పిలుస్తారు, ఆపకపోయినా పిలుస్తారు, ఊరికే పిలిపించుకోవడం నాకు ఇష్టం లేదు అన్నాడట. ఇల్లు మాత్రం మారమన్నాడు. తమ అమ్మకు మళ్ళీ ఏమీ తెలియకుండా ఉండేలా చూడమన్నాడు.

ఆ మర్నాడు ఆయన బొంతలు మళ్ళీ కట్టారు. ఆ గదిలో అదే చివరి కార్యక్రమం. విన్నాను. తెలుగు ఎక్కడా వినపడలేదు. మధ్యలో ఆయన గొంతు మారిన ఒక చోటు గురించి అడిగితే అర్థం చెప్పారు. “నేను అద్దెకున్న ఇంటి తల్లి నా తల్లి మోకాళ్ళ కోసం ప్రార్థన చేయించింది. ఆ రోజు అక్కడ జరిగింది అంతే. దాన్ని తప్పుపట్టేవారికి నేను సంజాయిషీ చెప్పను.” తరువాత మంత్రుల విషయంలోకి వెళ్ళిపోయారు. కింద మంచీ చెడూ చాలా రాశారు. వాటిలో సగానికి పైగా మతం గురించే.

ప్రయాణం ఏర్పాటు నాన్న చేశారు. రైలు వద్దన్నారు, స్టేషనులో యూనివర్సిటీ పిల్లలు తిరుగుతుంటారని. ఆటోనగర్‌లో బాడీ కట్టించుకున్న కొత్త లారీలు దేశం నలుమూలలకూ వెళ్తుంటాయి. తన షెడ్డు బండి అయితే ఎక్కడికి వెళ్తుందో తనకు తెలుస్తుంది కనుక, వేరే షెడ్డులో ఉన్న తన స్నేహితుడికి ఆయనను అప్పగించి, “ఏ బండి ఎక్కించావో నాకు చెప్పొద్దు. తాగినప్పుడు అడిగినా చెప్పొద్దు,” అన్నారట. ఎక్కడికి వెళ్ళాలో ఆయన ఆ స్నేహితుడికి మాత్రమే చెప్పుకున్నారు. ఢిల్లీ కార్యాలయానికి, ఇక్కడి పోలీసులకు తెలియజేయవలసింది మాత్రం ముందే తెలియజేశారు. చట్టం విషయంలో ఆయన దాపరికం చూపే మనిషి కాదు. ఆ విధంగా ఆయన ఎక్కడున్నారో మా ఊరి పోలీసులకు తెలుసు, మాకు తెలియదు. మా ముగ్గురి ఫోనుల్లోంచీ ఆయన నంబరు తీసేయించారు. అమ్మకు తీసేయడం రాదు. ఫోను ఆయన చేతికే ఇచ్చింది. ఆయనే తీసేసి, ఫోటోలు కూడా చూసి, తిరిగి ఇచ్చారు.

వెళ్ళే రోజు ఉదయం నాన్న మామూలుగానే పనికి వెళ్ళిపోయారు. గుమ్మం దగ్గర ఆయన భుజం మీద ఒకసారి కొట్టి, “వస్తా ప్రొఫెసరుగారూ. ఇనుము కొనేవాడు వస్తే మీ మంత్రి సంగతి అడిగి ఉంచుతా,” అన్నారు. ఇద్దరూ నవ్వారు. నేను కాలేజీకి సెలవు పెట్టాను. సామాను ఒక పెట్టె, ఒక సంచి, మైకు ఉన్న చిన్న డబ్బా. బొంతలు ఇక్కడే వదిలేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. వాటిని చుట్టి తాడుతో కట్టి, నాన్న స్నేహితుడి షెడ్డుకు వెళ్ళే ఆటోలో పెట్టించింది.

ఆ కొన్ని వారాల్లో అమ్మ ఆయన దగ్గర క్షమాపణ అనే మాట వాడలేదు. ఆయన కూడా ఆ మాటకు చోటు ఇవ్వలేదు. కూటాలకు వెళ్తూనే ఉంది, కానీ అవసరతలు చెప్పమన్నప్పుడు లేవడం మానేసింది. కూర్చునే ఉండి, కళ్ళు మూసుకుని, పెదవులు కదపకుండా ఏదో చెప్పుకునేది. ఏమని చెప్పుకుంటున్నావని నేను అడగలేదు.

ఆటో స్టార్టయింది. ఆయన రెండు చేతులూ జోడించి అమ్మకు నమస్కారం పెట్టి కూర్చున్నారు. అమ్మ ఆటో కడ్డీ పట్టుకుని నిలబడింది. ఎక్కడికని అడగకూడదని ఆమెకు తెలుసు. వేలు కూడా అటూ ఇటూ చూపకుండా, చాలా జాగ్రత్తగా ఒక మాట ఎంచుకున్నట్టు అడిగింది.

“వెళ్ళే చోట అన్నం తింటారా బాబూ, రొట్టెలా?”

ఆయన నోరు తెరిచి ఆగారు. ఆ ప్రశ్నకు జవాబు చెబితే ఉత్తరమో దక్షిణమో తెలిసిపోతుంది. నాకు అది ఆయన ముఖం చూశాక తట్టింది. అమ్మకు తట్టలేదు. బిడ్డ జవాబు చెప్పడానికి ఎందుకింత ఆలోచిస్తున్నాడా అన్నట్టు చూస్తోంది. ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి మా ఇద్దరి వైపూ చూశాడు.

“ఏది పెడితే అది తింటానండీ,” అన్నారాయన.

అమ్మ కడ్డీ వదిలింది. ఆటో మలుపు తిరిగేవరకు అక్కడే నిలబడి, తరువాత నా వైపు తిరిగింది.

“అబద్ధం,” అన్నది. “వంకాయ పెడితే ముట్టడు.”